సామ్రాజ్యమ్మ గారికి సన్మానం

గుంటూరు మిరప యార్డు వెనక కొట్టాల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళకి ఏ నూనె రాసినా, ఎంత మజ్జిగలో ముంచినా చేతుల మంట పోదు. సామ్రాజ్యం ఇరవై రెండేళ్ళుగా ఆ పనే చేస్తోంది. మంటకి ఎప్పుడో అలవాటుపడింది గానీ, ఏడాది కిందట కూతురికి పాప పుట్టాక కొత్త కష్టం వచ్చిపడింది. అమ్మమ్మ బుగ్గ నిమిరితే చాలు, పిల్ల గుక్కపట్టి ఏడ్చేది. మూడుసార్లు చూశాక కూతురు, "నువ్వు ముట్టుకోమాకమ్మా, దూరం నుంచి ఆడించు" అంది. పెడసరంగా అనలేదు, ఉన్నమాటే అంది. అయినా ఆ పూట సామ్రాజ్యానికి అన్నం సయించలేదు.

ఆ రోజే నిశ్చయించుకుంది, ఈ తొడిమలకో దండం పెట్టి దోసెల పిండి అమ్ముకోవాలని. పాత సామాన్ల కొట్టు కరీముల్లా దగ్గర ఒక గ్రైండరు ఉంది. రాయి మంచిది, మోటారు కొత్తగా చుట్టించాడు. తొమ్మిది వేలు చెప్పాడు, పైసా తగ్గనన్నాడు. నెలాఖరు దాకా ఎవరికీ అమ్మకుండా ఆపుతానని, ఆ తర్వాత తన వల్ల కాదని కూడా చెప్పాడు.

తొమ్మిది వేలకి సామ్రాజ్యం బెదరలేదు. ఆమెకి బ్యాంకులో డబ్బుంది. ఆరేళ్ళ కిందట అఖిలజన అభ్యుదయ బ్యాంకు వాళ్ళు కొట్టాల దగ్గరికి మైకు కట్టిన ఆటోలో వచ్చి, పేదవాడి డబ్బుకి బ్యాంకే పెట్టనికోట అని ఊదరగొట్టి, అందరిచేతా వేలిముద్రలు వేయించి పుస్తకాలు పంచిపెట్టి పోయారు. అప్పటినుంచి వీలైన వారమల్లా యాభై రూపాయలు కట్టేది. కట్టిన ప్రతిసారీ ఇంటికొచ్చి పొయ్యి పక్క గోడమీద బొగ్గుతో ఒక గీత గీసేది. పాస్‌బుక్కులో వేయించుకుందామంటే అచ్చువేసే మిషను ఆ ఆరేళ్ళూ రిపేర్లోనే ఉంది. ఫోనులో మాత్రం బ్యాంకువాళ్ళ మెసేజీలు టింగుమని వచ్చేవి. అవి ఇంగ్లీషులో ఉండేవి. డబ్బు పెరిగినట్టు కబురు కాబోలనుకుని ఆమె ప్రతి టింగుకీ ఫోను కళ్ళకద్దుకునేది.

గోడమీద గీతలు రెండొందల నలభై నాలుగయ్యాయి. అంటే పన్నెండు వేల రెండొందలు. తొమ్మిది వేలు తీద్దామని సామ్రాజ్యం ఒకటో తారీకు దాటాక, తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని బ్యాంకుకి వెళ్ళింది. కౌంటర్లో పిల్ల కంప్యూటరు చూసి, ఖాతాలో ఏడొందల అరవై రెండు రూపాయలున్నాయని చెప్పింది.

సామ్రాజ్యం నవ్వింది. ఇంకెవరిదో చూశావమ్మా, సరిగ్గా చూడమంది. ఆ పిల్ల మళ్ళీ చూసింది. రెండోసారీ ఏడొందల అరవై రెండే వచ్చేసరికి ఆమెని మేనేజరు గదిలోకి పంపారు.

మేనేజరు పేరు చక్రపాణి. ఆయన మామూలుగా మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో కాఫీ కావాలన్నా, పానీయ నిల్వ ఎలా ఉందని అడుగుతాడని ఆఫీసులో చెప్పుకునేవారు. సామ్రాజ్యం చెప్పింది విని, అలాంటి కేసులు రోజుకి పది చూస్తున్నవాడి ఓర్పుతో వివరించాడు.

"చూడమ్మా, నీ ఖాతాలో కనీస నిల్వ వెయ్యి రూపాయలుండాలి. లేదు గనక అపరాధ రుసుము విధించాం. రుసుము మినహాయించడం వల్ల నిల్వ మరింత క్షీణించింది. క్షీణించినందుకు మరుసటి నెల మళ్ళీ రుసుము. ఈ విషయం ఎప్పటికప్పుడు నీకు తెలియజేశాం గనక సందేశ రుసుము. పారదర్శకత అంటే అదే."

సామ్రాజ్యానికి ముక్క అర్థమయ్యీ కాకుండా ఉంది. అర్థమైనంతవరకూ నమ్మబుద్ధి కాలేదు.

"అంటే, నా దగ్గర డబ్బు లేదని నా డబ్బు తీసుకున్నారా సారూ?"

"ఉన్నవాళ్ళ దగ్గర తీసుకుంటే వాళ్ళు వేరే బ్యాంకుకి పోతారమ్మా" అన్నాడు చక్రపాణి. నిజం చెబుతున్నానన్న స్పృహ కూడా లేదు ఆయనకి.

మొత్తం ఎంత తీసుకున్నారో చెప్పమంది. చెప్పటానికి అభ్యంతరం లేదట, కానీ నోటితో చెప్పే అధికారం ఎవరికీ లేదట. ఆరేళ్ళ లెక్క కాగితం మీద తీయాలి. అది యాభై తొమ్మిది పేజీలు, పేజీకి వంద రూపాయలు, పైన పన్ను. ఆమె ఖాతాలో ఉన్నదానికి ఆరు పేజీలు వస్తాయని, కావాలంటే ఏ ఆరు పేజీలో ఎంచుకోవచ్చని ఉదారంగా అన్నాడు.

తిరిగొస్తూ అలవాటుకొద్దీ బజార్లో పావుకిలో వంకాయలు కొన్నది. కొట్టువాడు తూచి, రెండు పచ్చిమిరపకాయలూ ఓ కరివేపాకు రెబ్బా కొసరు పడేశాడు. మిరపకాయలతోనే బతికే మనిషికి మిరపకాయలు కొసరు. అయినా ఆ రోజు ఆమెకి ఊళ్ళో ఎవరన్నా ఏమన్నా ఇచ్చారంటే వాడొక్కడే.

కొట్టంలో చెబితే ఎవరూ నమ్మలేదు. అంత పెద్ద బ్యాంకు, అద్దాల తలుపులు, తుపాకీ పట్టుకున్న వాచ్‌మెన్, అంత ఆర్భాటం పెట్టుకుని తొడిమలు తీసేదాని యాభైలకి కక్కుర్తిపడుతుందా? పక్కన కూర్చునే మస్తానమ్మ మనసున్న మనిషే గానీ, ఆవిడ కూడా, "నీ గీతల్లోనే ఏదో తేడా ఉండుద్ది వదినా, ఒకదాన్ని రెండుసార్లు గీశావేమో" అంది. సామ్రాజ్యం ఇంటికెళ్ళి ఆ గోడ ముందు కూర్చుని రెండొందల నలభై నాలుగూ మళ్ళీ లెక్కపెట్టింది. డబ్బు పోయింది సరే. లెక్క తెలియనిదాన్నని పదిమందిలో పేరొచ్చింది. రెండోదే ఎక్కువ బాధపెట్టింది.

సరిగ్గా ఆ వారమే బ్యాంకు హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులరు వచ్చింది. దాని సంగతి తర్వాత అటెండరు వీరాస్వామి చెప్పగా ఆమెకి తెలిసింది. హెడ్డాఫీసులో పెద్దలు ఏడాదిపాటు అధ్యయనం చేసి ఒక గొప్ప నిజం కనిపెట్టారు. డిపాజిట్లు వేసేవాళ్ళకి వడ్డీ ఇచ్చుకోవాలి, కాబట్టి వాళ్ళు భారం. అప్పులు తీసుకునే పెద్దమనుషులు ఎగ్గొడతారు, కాబట్టి వాళ్ళు ప్రమాదం. వడ్డీ అడగనిది, ఎగ్గొట్టనిది, నెలనెలా తప్పకుండా ఆదాయం ఇచ్చేది ఎవరయ్యా అంటే, ఖాతాలో వెయ్యి కూడా ఉంచలేనివాళ్ళు. బ్యాంకు లాభంలో సగం పైన వాళ్ళ వల్లే. ఇన్నాళ్ళూ ఆ మహానుభావులకి ఒక్క నమస్కారమైనా పెట్టకపోవడం సంస్థాగత కృతఘ్నత అని సర్క్యులరులో పెద్దలు పశ్చాత్తాపపడ్డారు. ఇంత కనిపెట్టినవాళ్ళకి రుసుము తీసేద్దామని తట్టిందా అంటే, లేదు. సన్మానం చేద్దామని తట్టింది.

పురస్కారం పేరు రుసుము రత్న. జోను మొత్తంలో ఎక్కువ రుసుము చెల్లించిన ఒక ఖాతాదారుకి కల్యాణమండపంలో శాలువా, జ్ఞాపిక, సన్మానపత్రం. అభ్యర్థికి ఒకటే అర్హత, అవిచ్ఛిన్న లోటు. ఖాతా తెరిచిన రోజు నుంచి సన్మానం రోజు దాకా ఒక్కనాడు కూడా నిల్వ వెయ్యి తాకి ఉండకూడదు.

చక్రపాణి జాబితా తీయించాడు. అందరికన్నా పైన సామ్రాజ్యం ఉంది. రెండొందల రూపాయల తేడాతో రెండో స్థానంలో పెదకాల్వ బ్రాంచి తరఫున సైకిలు పంచర్లు వేసే అతనొకడు ఉన్నాడు. చక్రపాణి ప్రమోషనుకి మూడేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఆయనకి దేవుడు కనిపించినట్టయింది.

ఈ సంగతులేవీ తెలియని సామ్రాజ్యం మర్నాడే బ్యాంకుకి వచ్చింది. మస్తానమ్మ ఓ ఉపాయం చెప్పింది మరి. ఇంకో రెండొందల నలభై వేస్తే వెయ్యి దాటుతుంది, దాటితే కోత ఆగుతుంది, ఉన్నవైనా మిగుల్తాయి. మేస్త్రీ దగ్గర కూలి ముందుగా అడిగి మూడొందలు పట్టుకొచ్చింది. కౌంటర్లో పిల్ల డబ్బు అందుకుని పేరు చూసి, కుర్చీలోంచి లేచి, పరుగున లోపలికి వెళ్ళింది. క్షణంలో చక్రపాణి స్వయంగా ఊడిపడ్డాడు.

మొన్నటి 'చూడమ్మా' లేదు. సోఫాలో కూర్చోబెట్టాడు. ఫ్యాను ఆమె వైపు తిప్పించాడు. అల్లం టీ తెప్పించాడు. మూడు వందనోట్లనీ రెండు చేతులతో తిరిగి ఆమె చేతిలో పెట్టాడు.

"సామ్రాజ్యమ్మ గారూ, మీరు ఆవేశపడి డబ్బు వెయ్యకండి. ఆరేళ్ళ మీ నిరంతర కృషి ఒక్క పూటలో మట్టిపాలవుతుంది."

బ్యాంకువాడు డబ్బొద్దనడం సామ్రాజ్యం జన్మలో వినలేదు. సన్మానం సంగతి ఆయన చెప్పుకుపోయాడు. అంతా విని, ఆ సన్మానంలో డబ్బులేమన్నా ఇస్తారా అని అడిగింది. గౌరవం ఇస్తామన్నాడు. గౌరవంతో గ్రైండరు రాదు. కానీ ఆమె మనసు అంతటితో ఆగలేదు. పిలిచి శాలువా కప్పేవాళ్ళు, ఉత్త చేతులతో పంపిస్తారా? తీసుకున్నది తాంబూలంలో పెట్టి ఇచ్చేస్తారేమో, అందుకే ఇంత మర్యాదేమో అనుకుంది. మనవాళ్ళలో ఎవరికైనా అంతే తోస్తుంది. నెలాఖరుకి ఇంకా రెండు రోజులుండగానే సభ అన్నారు, సరేనంది.

ఆ మూడు వారాలూ యార్డు బ్రాంచికి వేరే పని లేదు. సామ్రాజ్యం లోటుని కాపాడటమే పని. ఆమె ఏ బలహీన క్షణంలోనైనా డబ్బు కట్టేస్తుందేమోనని అటెండరు వీరాస్వామిని కొట్టం దగ్గర కాపలా పెట్టారు. అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిరప ఘాటుకి తుమ్ముతూ కూర్చునేవాడు, ఆడవాళ్ళు జాలిపడి మంచినీళ్ళిచ్చేవారు. అతనేమీ చెడ్డవాడు కాదు, కాంట్రాక్టు ఉద్యోగం, చెప్పింది చేస్తాడు.

అన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకరోజు ఘోరం జరిగింది. పెదకాల్వ బ్రాంచి మేనేజరు ఎవరికీ చెప్పకుండా సామ్రాజ్యం ఖాతాలో ఐదొందల రూపాయలు జమచేశాడు. నిల్వ పన్నెండొందల అరవై రెండైంది. ఒక బ్యాంకు మేనేజరు ఒక కూలిమనిషిని దెబ్బతీయడానికి ఆమెకి డబ్బివ్వడం అదే మొదలు. యార్డు బ్రాంచిలో కంప్యూటర్లు ఎర్రబడ్డాయి. చక్రపాణి జోనల్ ఆఫీసుకి ఫోను చేసి, తన ఖాతాదారు మీద సంపద దాడి జరిగిందని, ఇది నైతిక ప్రమాణాలకి విరుద్ధమని మొరపెట్టుకున్నాడు. విచారణ సంఘం వేశారు. నలభై నిమిషాల్లో ఐదొందలూ వెనక్కి లాగేసి, పడినవి పొరపాటున పడ్డాయి గనక పడనట్టే భావించాలని తీర్మానించారు. ఆరేళ్ళుగా ఆమె డబ్బు కోసం ఆమె అడిగితే కదలని యంత్రాంగం అది. ఇప్పుడు తలుచుకుంటే ఎంత వేగంగా కదిలిందో చూడండి.

సభ రోజు రానేవచ్చింది. కల్యాణమండపం నిండా బ్యాంకు ఉద్యోగులు. గుమ్మంలో సామ్రాజ్యం నిలువెత్తు ఫ్లెక్సీ. వేదిక మీద సింహాసనంలాంటి పెళ్ళికుర్చీలో కూర్చోబెట్టి మెడలో గజమాల వేశారు. ముందు వరసలో మస్తానమ్మా, కొట్టంలోని మరో నలుగురూ ఉన్నారు. సామ్రాజ్యం కళ్ళు మాత్రం జ్ఞాపికలు పెట్టిన పళ్ళెం మీదే ఉన్నాయి. అందులో కవరు ఏదైనా ఉందా అని వెతికింది. కనిపించలేదు. శాలువా కింద ఉందేమో అనుకుంది.

జోనల్ మేనేజరు గారు ప్రసంగించారు. భూమి మోస్తున్నట్టు తెలియకుండానే భూమి మనల్ని మోస్తుందన్నారు. సంపన్నుడి కోటి కన్నా పేదవాడి వెలితి విలువైనదన్నారు. ఈ దేశంలో పేదరికం ఉన్నంతకాలం బ్యాంకింగు రంగానికి ఢోకా లేదని భరోసా ఇచ్చారు. సభ చప్పట్లతో దద్దరిల్లింది.

తర్వాత సన్మానపత్రం. భాషాభిమాని అని పేరున్న ఒక ఆఫీసరు దాన్ని వారంపాటు కూర్చుని రాశాడట. బంగారురంగు అక్షరాలు, అద్దం ఫ్రేము, కింద మూడు సంతకాలు, మూడు సీళ్ళు. ఆయన గొంతు సవరించుకుని చదివాడు.

"త్యాగమూర్తీ! ఆరు వత్సరముల కాలమున ఒక్క మాసమైనను తప్పక లోటును పాటించి, అపరాధ రుసుము, సందేశ రుసుము, కార్డు రుసుము మొదలగు సమస్త రుసుములను చిరునవ్వుతో భరించి, మొత్తము పదకొండువేల నాలుగువందల ముప్పదియెనిమిది రూపాయలను ఈ బ్యాంకునకు సమర్పించిన మీ వదాన్యత అనన్యసామాన్యము."

ఇంకా చాలా ఉంది గానీ సామ్రాజ్యం అక్కడే ఆగిపోయింది. పెదాలు కదుపుతూ ఏదో కూడుకుంది. మళ్ళీ కూడుకుంది. శాలువా కప్పారు, కింద కవరు లేదు. రెండు మాటలు మాట్లాడమని మైకు ముందు నిలబెట్టారు.

ఆమె మైకు వదిలేసి, సన్మానపత్రం చదివినాయన వైపు తిరిగి, ఆ అంకె ఇంకోసారి చదవమని అడిగింది. ఆయన ఉప్పొంగిపోయి మరింత రాగయుక్తంగా చదివాడు. అప్పుడు మైకు దగ్గరికి వచ్చింది.

"మా గోడమీద గీతలు రెండొందల నలభై నాలుగండీ. గీతకి యాభై. పన్నెండు వేల రెండొందలు. మీరు చదివింది పదకొండు వేల నాలుగొందల ముప్పై ఎనిమిది. ఖాతాలో ఉన్నయ్యి ఏడొందల అరవై రెండు. రెండూ కూడితే నా గోడే. మస్తానమ్మా, విన్నావా? నా లెక్క తప్పలేదు."

ముందు వరసలో మస్తానమ్మ తలొంచుకుంది. సామ్రాజ్యం శాలువా తీసి మడతపెట్టి, జోనల్ మేనేజరు గారి ఒళ్ళో పెట్టింది.

"ఇది మీరుంచుకుని, నా డబ్బులు ఇప్పించండి బాబూ. నెలాఖరు దాటితే కరీముల్లా గ్రైండరు అమ్మేస్తాడు."

జోనల్ మేనేజరు గారు అనుభవజ్ఞులు. లేచి, త్యాగానికి వాపసు ఉండదని, అందుకే అది త్యాగమని అన్నారు. హాలు మళ్ళీ చప్పట్లు కొట్టింది. సామ్రాజ్యం కళ్ళు తుడుచుకుంది. చేతులకున్న మిరప ఘాటు తగిలి ఇంకా నీళ్ళు కారాయి. ఆనందబాష్పాలని ఫోటో కింద రాసి హెడ్డాఫీసుకి పంపించారు. ఆటోలో ఇంటికొస్తుంటే ఫోను టింగుమంది. ఇల్లు చేరాక మస్తానమ్మ పక్కింటి పిల్లాడిచేత చదివిస్తే, సన్మాన నిర్వహణ రుసుము కింద నూట పద్దెనిమిది రూపాయలు మినహాయించినట్టు ఉంది.

మస్తానమ్మ ఊరుకునే రకం కాదు. నమ్మనందుకు సిగ్గుపడి, ఆ రాత్రికి రాత్రే చుట్టుపక్కల ఆడవాళ్ళని కూడేసి చీటీ మొదలుపెట్టించింది. మొదటి పాట పాడకుండానే సామ్రాజ్యానికి ఇచ్చేయాలని అందరిచేతా ఒప్పించింది. నెలాఖరు రోజు సాయంత్రం గ్రైండరు రిక్షా ఎక్కి సామ్రాజ్యం ఇంటికొచ్చింది. అంతటితో ఆగక, మస్తానమ్మ ఆ ఫ్రేము చంకనబెట్టుకుని రిజిస్ట్రారాఫీసు దగ్గర దస్తావేజులు రాసే తన అన్న దగ్గరికి వెళ్ళింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని పైనుంచి కిందదాకా చదివి, సంతకాలూ సీళ్ళూ చూసి, "దీన్ని సన్మానపత్రం అంటారేందే, ఇది రసీదు" అన్నాడు.

మర్నాడు బ్యాంకు తలుపులు తీసేసరికి మెట్లమీద నలభై మూడు మంది ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. లెక్కల కాగితాలు కావాలంటే పేజీకి వంద అని చక్రపాణి మొదలుపెట్టబోయాడు. కాగితాలు తమకొద్దన్నారు. సన్మానం కావాలన్నారు. శాలువా కూడా వద్దు, ఎవరెవరు ఎంతెంత సమర్పించారో అలాగే బంగారక్షరాలతో రాసి, సీలు వేసి, గట్టిగా చదివితే చాలన్నారు. సన్మానపత్రానికి పేజీ రేటు ఏ సర్క్యులరులోనూ లేదు. చక్రపాణి లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.

సన్మానపత్రం జతచేసి మస్తానమ్మ అన్న రాసిపెట్టిన సామ్రాజ్యం పిటిషను, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి దాకా వెళ్ళింది. సన్మానపత్రం కవిత్వమని, కవిత్వంలో అతిశయోక్తి సహజమని బ్యాంకు వకీలు వాదించాడు. మరి కవిత్వానికి మూడు సీళ్ళెందుకని ఆ అధికారి అడిగాడట. నాలుగు నెలలకి డబ్బు తిరిగొచ్చింది, ఆ నూట పద్దెనిమిదితో సహా. సామ్రాజ్యం తీసుకుని, ఖాతా మూసేసి, చీటీకి కట్టింది. మిగతా నలభై మూడు పిటిషన్లు నడుస్తున్నాయి. హెడ్డాఫీసు కూడా ఈ అనుభవం నుంచి గుణపాఠం నేర్చుకుని కొత్త సర్క్యులరు పంపింది. ఇకముందు సన్మానపత్రాలలో అంకెలు వాడరాదని అందులో ఉంది. రుసుముల గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు సామ్రాజ్యం ఆ బ్యాంకు ఎదురుగానే పొద్దున్నే పిండి అమ్ముతోంది. పక్కన చాప మీద మనవరాలు ఆడుకుంటూ ఉంటుంది. మధ్యమధ్యలో అమ్మమ్మ బుగ్గ నిమురుతుంది, పిల్ల ఏడవదు. సాయం వచ్చి కూర్చునే మస్తానమ్మ నోటికి మాత్రం విరామం లేదు.

ఒకరోజు వీరాస్వామి వచ్చాడు. రెండు నెలలుగా జీతం రాలేదని ముఖమే చెబుతోంది. చిన్న గిన్నె చాపి, పది రూపాయలకి వెయ్యమన్నాడు. మస్తానమ్మకి అతన్ని చూడగానే బ్యాంకు గుర్తొచ్చింది.

"కనీసం లీటరన్నా కొనకపోతే ఓ గరిటె పిండి మినహాయించాల వదినా. రుసుము."

వీరాస్వామి గిన్నె వెనక్కి తీసుకోబోయాడు. సామ్రాజ్యం దాన్ని పట్టుకుని, పది రూపాయల పిండి వేసింది. వేశాక ఇంకో నిండు గరిటె కొసరు పోసింది. లీటరు కొన్నవాళ్ళకి కూడా అంత కొసరు పొయ్యలేదేం అని మస్తానమ్మ దెప్పింది.

"ఉన్నోడైతే తక్కువ కొంటాడా? లేకే గదా కొనేది. కొసరు ఆడికే పొయ్యాల" అంది సామ్రాజ్యం. "అట్టా కాదంటే మనం కూడా అద్దాల తలుపులు పెట్టుకుందాం."